దొరసాని టాస్కు

మా పడుచుదనంలో ఈ పరాయి దీవిలోని సువ పట్నంలో మోటార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. ఎవరెక్కడికి వెళ్లాలన్నా గుర్రబ్బండే గతి. ఆ రోజుల్లో నాకు ఒంట్లో బలం, బుర్రలో నీతి రెండూ అవసరానికి మించి ఉండేవి (ఇప్పుడు రెండూ అంతంత మాత్రమే). ఊరి నుంచి ఓడలో వచ్చి, నవువా చెరుకు తోటలో ఐదేళ్ల కూలి ఒప్పందం, అదే గిర్మిట్, ముగించుకుని, ఆపైన కొన్నాళ్లు అవీ ఇవీ చేసి, చివరికి ఒక పాత బండినీ దాన్ని లాగే ఆడగుర్రాన్నీ సంపాదించాను. నడకలో టెక్కు చూసి దానికి దొరసాని అని పేరు పెట్టాను. తోటలో సర్దారు నన్ను చూసినట్టు నేను దాన్ని చూడనని మొదటి రోజే మెడ నిమిరి మాటిచ్చాను.

తోటలో ఇంత మేర తవ్వాలని పొద్దున్నే మనిషికో టాస్కు కొలిచి ఇచ్చేవారు. సర్దారుకి మన మీద కోపముంటే ఆ కొలత సాగేది, పని పూర్తికాకపోతే చెర్నాకోల లేచేది. నా దొరసానికి మాత్రం న్యాయమైన టాస్కు పెట్టాను. రోజుకి ఎనిమిది సవారీలు. ఒక్కో సవారీకి ఒక చెరుకు ముక్క. ఎనిమిదోది కాగానే రెండు ముక్కలు, ఇక ఇంటికే. నెల తిరిగేసరికి రెండో ముక్క నోట్లో పడటం ఆలస్యం, అదే బండి తిప్పుకుని కొట్టం దారి పట్టేది. గుర్రానికి గిర్మిట్ రాసిచ్చానని తోటి బండివాళ్లు పగలబడి నవ్వేవారు. మిట్ట వస్తే నేను దిగి నడిచేవాణ్ణి, ఎక్కినవాళ్లనీ దిగమని బతిమాలేవాణ్ణి. ఒకసారి ఒక లావుపాటి దొరసాని (ఈవిడ మనిషే) పాపం కొండంతా ఎక్కి, నడిచింది తనే కాబట్టి కిరాయి నేనే ఇవ్వాలంది. చెర్నాకోల నా దగ్గరా ఉండేది. అది చేతిలో లేనివాడి బండి దొరలు ఎక్కరు మరి.

నాతో ఒకే ఓడలో వచ్చినందుకు నాకు బాబాయి అయినవాడు ఒకాయన ఉండేవాడు. భార్య కడుపుతో ఉండగా ఇల్లు విడిచి వచ్చాడు. తరవాత పుట్టిన కూతురిని ఆయన కళ్లతో చూసింది లేదు. ఇక్కడ పదేళ్లు నిండినవాళ్లకి సర్కారు ఇచ్చే, ఊరికి వెళ్లే ఓడ టిక్కెట్టు ఆయన చేతికొచ్చింది. ఇది తప్పితే మళ్లీ ఎప్పటికో. రేవుకి నా బండిలోనే దింపుతానని గొప్పగా చెప్పాను. పొద్దుటి నుంచి దొరసాని ఆరు సవారీలే చేసింది కాబట్టి నా న్యాయానికి లోటు లేదు. తీరా చూస్తే బాబాయి ఒక్కొక్కరి దగ్గరా రెండేసి సార్లు సెలవు తీసుకుని ఆలస్యం చేశాడు. సగం దారిలో ఉండగా ఓడ మొదటి కూత వేసింది. నాకు కంగారు పుట్టి, వేగంగా పరిగెత్తుతుందని బండి ఆపి దొరసానికి ఒక చెరుకు ముక్క లంచమిచ్చాను. చాలదేమోనని ఇంకొకటి కూడా పెట్టాను. అది రెండూ నమిలి, నా వంక ప్రేమగా చూసి, బండి తిప్పి ఇంటి దారి పట్టింది.

కళ్లెం లాగాను, బుజ్జగించాను, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నడిరోడ్డు మీద కదలకుండా నిలబడింది. ఓడ రోజు కాబట్టి ఊళ్లో బండ్లన్నీ రేవులోనే ఉన్నాయి. అంతలో రెండో కూత వినిపించింది. బాబాయి మొహం పాలిపోవడం చూశాను. ఆ తరవాత నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. చెర్నాకోల ఎత్తాను. సర్దారు ఎత్తినట్టే ఎత్తాను. వెనక నుంచి బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు.

"దించీరా. దాని టాస్కు ఖలాసైపోనాది."

ఓడ వెళ్లిపోతుందన్నాను.

"పోతే పోతాది. దీని మీద దెబ్బడితే ఆ దెబ్బ నాతో ఊరికొస్తాది."

అంతే, పెట్టె నేను నెత్తికెత్తుకున్నాను, మూట ఆయన భుజాన వేసుకున్నాడు, ఇద్దరం పరుగో పరుగు. దొరసానికి ఇక పనేమీ లేదు కాబట్టి, ఏమిటో చూసిపోదామన్నట్టు ఖాళీ బండితో తీరుబడిగా మా వెనకే వచ్చింది. రేవులో బండివాళ్లు ఆ ఊరేగింపు చూసి, నువ్వూ గుర్రమూ ఇద్దరిలో యజమాని ఎవరని నన్నడిగారు. నిచ్చెన తీసేస్తుంటే కాళ్లావేళ్లా పడి ఆపించి బాబాయిని ఎక్కించాను. సరిగ్గా సెలవు తీసుకునే వ్యవధి కూడా లేకపోయింది. ఓడ కనుమరుగయ్యేదాకా రేవు మీద నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు నలుగురం తాగడానికి యాంగోనా వేరు కలిపిన గిన్నె చుట్టూ చేరినప్పుడల్లా, గుర్రాన్ని ఒక్క దెబ్బ కొట్టని బండివాణ్ణి సువ మొత్తానికి నేనొక్కణ్ణే అని చెప్పుకుంటాను. అది అబద్ధం కాదు. అందరూ మెచ్చుకుంటూ తలలూపుతారు, నేనూ వినయంగా తల దించుకుంటాను. లేచిన చెయ్యి దానంతటది దిగలేదని మాత్రం ఎన్నడూ చెప్పలేదు. కూతురి దగ్గరికి వెళ్లే ఓడని పోగొట్టుకోవడానికి సిద్ధపడి మరీ బాబాయి దాన్ని ఆపాడు. ఆయన మంచితనాన్ని ఇన్నేళ్లూ ఈ ముసలాడు తన పేరు మీద చెలామణి చేశాడు. రాస్తుంటే సిగ్గుగానే ఉంది. రేపు ఎవరైనా అడిగితే, బాబాయి సంగతి మింగేసి, మళ్లీ అలాగే చెబుతాను.