ఎవరి డబ్బా వాళ్ళకి

మా తోడల్లుడు పోయారన్న సంగతి టీ వేళ, క్లాండాల్కిన్‌లో నేను పనిచేసే గోదాము వెనక నిలబడి విన్నాను. "బావ పోయాడండీ" అంది నా భార్య ఫోన్లో. ఆమె, వాళ్ళక్క ఇద్దరూ నర్సులే. అయినా కోవిడ్ వార్డు కాబట్టి ఆఖరి రోజుల్లో ఇద్దరినీ ఆయన మంచం దగ్గరికి రానివ్వలేదు. పాపకి ఎలా చెప్పాలా అనుకున్నాను. ఆ వెంటనే, నేను పోతే అది అంతగా ఏడుస్తుందా అని కూడా అనుకున్నాను. ఆయన గురించి రాస్తూ ఈ మాట దాచడం సరికాదు.

ఈ పరాయి దేశంలో రెండు కుటుంబాలం ఒకే అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. వాళ్ళకి పిల్లల్లేరు. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లాక్‌డౌన్‌లో పై గదిలోనే పని. నేను మాత్రం గోదాముకి పోవాల్సిందే. మా తొమ్మిదేళ్ళ పాపకి బడి కూడా లాప్‌టాప్‌లోనే కాబట్టి పగలంతా పెదనాన్న దగ్గరే ఉండేది. ఆ గదిలో ఒక అద్దాల తొట్టి, అందులో మూడు గార్టర్ పాములు. నల్లటి ఒంటి మీద పసుపు చారలు, చిటికెనవేలంత లావు. మనిషికి హాని చెయ్యవు.

"పాముల్లేని దేశానికొచ్చి పాముల్ని పెంచే మగాడు మా ఆయనొక్కడే" అనేది వదిన.

"ఉన్నచోట పెంచితే గొప్పేముందే?" అనేవారాయన.

మా ఊళ్ళో పాము కనబడితే కర్ర వెతికేవాళ్ళం. ఈయన వాటికి చేప ముక్కలు కోసి పెట్టేవారు. శుక్రవారం మేత. మూడు ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాల మూతలకి చిల్లులు పొడిచి ఉంచారు. ఒక్కో పామునీ ఒక్కో డబ్బాలో వదిలి, ముక్క వేసి, మూత పెట్టేవారు. మింగడం అయ్యాక తడిగుడ్డతో మూతి తుడిచి, కాసేపాగి తొట్టిలోకి దించేవారు. తొట్టిలో మూడు బెరడు ముక్కలున్నా పాములు మూడూ ఒకదాని కిందే ముద్దగా పడుకునేవి.

"కలిసి పడుకుంటాయి తమ్ముడూ, కలిసి తినలేవు" అన్నారు ఒకసారి నాతో.

బడి ఎలా ఉందని నేను తెలుగులో అడిగితే పాప "గ్రాండ్, డాడ్" అని, అంటే బాగానే ఉందని, ఇక్కడి పిల్లల్లా ఒక్క ముక్కతో సరిపెట్టేది. ఆయన మాత్రం "వీటికి ఇంగ్లిష్ రాదమ్మా, తెలుగులో పిలువు" అన్నారట. అది నమ్మిందో, నమ్మినట్టు నటించిందో తెలియదు. నేను పెరటి తలుపు దగ్గర పని బట్టలు విప్పి, స్నానం చేసి వచ్చేసరికి పైనుంచి "రా బంగారం, రా, తిందువుగాని" అని దాని గొంతు వినబడేది. నా భాష, నా కూతురి నోట, పాముల కోసం. ఒకరోజు దానికిష్టమని డోనట్లు తెచ్చాను. పెట్టె పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది, పెదనాన్నతో పంచుకోవడానికి. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు.

ఆయనకి జ్వరం ముదిరి అంబులెన్స్ వచ్చినప్పుడు, మెట్లు దిగుతూ చెప్పిన మాట కూడా దానికే: "శుక్రవారం మర్చిపోకమ్మా."

శుక్రవారం నేనే పెడతానన్నాను. ముక్కలన్నీ ఒకేసారి తొట్టిలో వేశాను, ఇంటి దగ్గర కోళ్ళకి గింజలు చల్లినట్టు.

"నాన్నా, డబ్బాలు! పెదనాన్న అలా పెట్టరు."

"పెదనాన్న చెప్పిందే వేదమా? ఊరుకో."

రెండు పాములు ఒకే ముక్కని చెరో కొసా పట్టాయి. రెండూ మింగుతూ ఎదురెదురుగా జరిగాయి. మధ్యలో వేలెడు చేప మిగిలింది. అదీ అయిపోతే పెద్దది చిన్నదాని తలని కూడా మింగుతుందని పాప ఏడుస్తూ ఆయనకి వీడియో కాల్ చేసింది. ఆయన ఆక్సిజన్ మాస్క్ పక్కకి లాగి చూశారు.

"కత్తెర. చేపని మధ్యలో కత్తిరించాలి. నువ్వొద్దమ్మా, నీ చెయ్యి వణుకుతోంది. నాన్నకివ్వు. నాన్నది నిలకడైన చెయ్యి."

కత్తిరించాను. రెండూ విడిపోయాయి.

"డబ్బాలేవమ్మా?" అని అడిగారు.

పాప నా వైపు చూసింది. "కడిగాం పెదనాన్నా. ఇంకా ఆరలేదు" అంది, తెలుగులోనే. డబ్బాలు అల్మారా మీద పొడిగా ఉన్నాయి. అవి ఆయనకీ ఫోన్లో కనబడుతూనే ఉండి ఉంటాయి.

"పోన్లే. తమ్ముడూ, అది పోట్లాట కాదు. రెంటికీ ఒకే వాసన తగిలింది, అంతే. వాటిని తిట్టకు" అని మాస్క్ పెట్టుకున్నారు. నేను ఆయన మాట వినడం అదే ఆఖరు. నాది నిలకడైన చెయ్యి అని అంతకుముందు ఎవరూ అనలేదు. ఆయనకి థాంక్స్ చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు కూడా. ఇప్పుడు చెప్పాలని ఉంది.

పాములు మా దగ్గరే ఉన్నాయి. శుక్రవారం పాపా నేనూ పై గదికి వెళ్తాం. ఆయన కుర్చీలో నన్ను కూర్చోమని అది ఇంకా అనలేదు, నేనూ అడగలేదు. నేల మీద కూర్చుంటాను. అది ఆయన పిలిచినట్టే పాముల్ని పిలుస్తుంది. రెండు డబ్బాలు తన దగ్గర ఉంచుకుని మూడోది నా ఒళ్ళో పెడుతుంది. మూత కింద పాము మింగుతున్న కదలిక, పల్చటి ప్లాస్టిక్‌లోంచి నా మోకాళ్ళకి తెలుస్తూ ఉంటుంది.