రికార్డులో లేని నెమ్మది బంతి

ఉద్యోగంలో నా చివరి పోస్టింగ్ అమెరికాలో ఒక మైనర్ లీగ్, అంటే దిగువ స్థాయి, బేస్‌బాల్ జట్టులో. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ పని వదిలి, రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు ఏప్రిల్‌లో సీనియర్ అనలిస్ట్‌గా చేరాను. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నాకు ఆ వయసులో కొత్త పని ఇచ్చినందుకు ఆ జట్టంటే నాకు నేటికీ కృతజ్ఞతే.

పిచర్ విసిరే ప్రతి బంతి వేగాన్నీ స్టేడియం కెమెరాలు కొలుస్తాయి. ఆ లెక్కలు లీగ్‌లోని జట్లన్నిటికీ అందుతాయి. ఆగస్టులో ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపేయాలో తేల్చే సమావేశానికి నివేదిక ఇవ్వడం నా బాధ్యత. పంపేయాల్సినవాళ్లలో మొదటి పేరు డానీది. వయసు మీదపడి వేగం తగ్గిన పిచర్. అయినా బ్యాటర్లు అతని చేతిలో అవుటవుతూనే ఉన్నారు. కారణం మా లెక్కల్లో ఎక్కడా దొరకలేదు.

మా విభాగాధిపతి సుధ వరంగల్ అమ్మాయి, వయసులో నాకంటే బాగా చిన్న. "మూర్తిగారూ, రిపోర్ట్ సబ్మిట్ చేసే ముందు ఒక్క గేమ్ గ్రౌండ్‌లో కూర్చుని చూడండి. స్క్రీన్ మీద మనిషి కనబడట్లే" అంది.

వెళ్లాను. డానీ చేయి ఎప్పటిలాగే విసురుగా తిరిగింది, బంతి మాత్రం తీరుబడిగా వచ్చింది. బ్యాటర్ ముందే బ్యాటు ఊపేసి తూలాడు. చిన్నప్పుడు కాకినాడలో ఎవరైనా అలా వేస్తే అన్నం తినలేదా అని ఆటపట్టించేవాళ్లం. ఆఫీసుకొచ్చి వెతికితే ఆ బంతి రికార్డులో లేదు. అంత నెమ్మదైనదాన్ని ఆట మొదలుకాకముందు చేయి సాగదీయడానికి వేసే వార్మప్ బంతి అనుకుని సిస్టమ్ తీసేస్తోంది.

నిబంధన ప్రకారం వెంటనే సరిచేయాలి. చేయకపోతే డానీ ఉద్యోగం పోతుంది. చేస్తే అతని గుట్టు ప్రత్యర్థులందరికీ తెలిసిపోతుంది. ముందుగా అతనికి చెప్పడం న్యాయమనిపించింది. బతిమాలతాడేమో అని బెంగగానే వెళ్లాను. డానీ నవ్వి, తప్పకుండా సరిచేయమన్నాడు. తెలిస్తే అందరూ ఆ బంతి కోసమే కాచుకుంటారనీ, అప్పుడు తన మామూలు బంతే వాళ్లకు వేగంగా తోస్తుందనీ చెప్పాడు.

సరిచేసిన నివేదిక సమావేశానికి వెళ్లింది. డానీని ఉంచుకున్నారు. సెప్టెంబర్‌లో బ్యాటర్లు నెమ్మది బంతి కోసం ఆగి ఆగి, మామూలు బంతికి ఆలస్యమయ్యారు.

గ్రౌండ్‌కి పంపినందుకు సుధకు థాంక్స్ చెప్పాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, సిస్టమ్ ఏం తీసేసిందో చూడకుండా ఏ మనిషి గురించీ నివేదిక రాయలేదు.