దేవుడి కల్లం

నిన్న పక్కింటి డాబా మీంచి ఎండుమిరప ఘాటు తగలగానే, ఎనభైల్లో పర్చూరు దగ్గర మా ఊరి చలికాలం గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఆరేళ్లు. అమ్మ కూలికి వెళ్లిన కల్లంలో సాయంత్రం మిరపకాయలన్నీ పోగుచేసి, మంచుకు తడవకుండా బరకం కప్పేది. కప్పగానే ఆకాశంలో ఎరుపు తగ్గిపోయేది. ఆ ఎరుపు మా కాయలదేననుకునేదాన్ని.

ఓరోజు బరకం లాగేశాను. "కప్పొద్దమ్మా, ఆకాశం ఆరిపోద్ది!"

అమ్మ కప్పేసింది. అమ్మ వెనకాలే పత్తిచేల గట్టున ఏడుస్తూ ఇంటిదారి పట్టాను. దారిలో చీకటి పడుతుంటే అమ్మ ఆగి పైకి చూపించింది.

"ఏడవకే. అదుగో, దేవుడు కూడా కల్లం కప్పుకుంటున్నాడు. ఆయన కాయలు మంచుకు తడవవా?"

నోరు తెరుచుకుని చూశాను. అంత పెద్ద బరకం! అక్కడక్కడా చిల్లులు, వాటిలోంచి వెలుగు.

ఇప్పుడు తలుచుకుంటే, రోజంతా నేలకేసి వంగి పనిచేసే అమ్మే ఆ సాయంత్రం నాకంటే ఎక్కువసేపు పైకి చూసింది.