అర అంగుళం స్క్రూలు

ఆ వడ్రంగికి పైవరసలో ముందు పళ్ళు రెండు లేవు. మొదటిది రాలగొట్టినవాడు ఇప్పుడు పెద్ద డాక్టరు. పరీక్షల రోజుల్లో వాడు రెండు రోజులపాటు గదిలోంచి బయటికి రాలేదు. పిలిస్తే పలకలేదు. వడ్రంగి తలుపు తన్ని లోపలికి పోయి పడ్డాడు. చెవుల్లో వైర్లు పెట్టుకుని పాఠం వింటున్న కుర్రాడు దొంగ అనుకుని, కుర్చీ ఎత్తి మూతి మీద ఒక్కటిచ్చాడు. నెత్తురు ఉమ్మి వడ్రంగి అన్న మాట: "బతికే ఉన్నావుగా నాయనా, చాలు."

రెండో పన్ను సంగతి చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

అతను యూనివర్సిటీ హాస్టల్లో వడ్రంగి. మూడంతస్తులు, మూడొందల పైచిలుకు గదులు, వాటన్నిటికీ అతనొక్కడే. చేతిలో సుత్తి దిగదు, నోట్లో మాట ఆగదు కాబట్టి పిల్లలు సుత్తి బాబాయ్ అని పేరు పెట్టారు. నా ట్రంకుపెట్టె గొళ్ళెం ఊడితే బాగుచేయించుకుందామని వెళ్ళి, అతని కబుర్లు తగులుకుని ఆ ఊళ్ళో నెల్లాళ్ళు ఉండిపోయాను. కోటల ముట్టడుల మీద లావుపాటి పుస్తకాలు నేను చాలా చదివాను. ఏ రాజు ఎన్ని ఏనుగుల్ని తోలుకొచ్చాడో వాటిలో ఉంటుంది. అసలు తలుపు ఎక్కడ ఓడిపోతుందో ఉండదు. అది చెప్పింది ఇతనే.

"చెక్క ఎప్పుడూ ఓడిపోదండీ. దాన్ని పట్టుకున్న మేకే ఓడిపోతుంది."

ఆ మాట అతనికి ఊరికే తెలియలేదు. పదకొండేళ్ళ కిందట హాస్టల్ గదులన్నిటికీ గడియలు బిగించింది అతనే. గడియ పోయి దూరే ఇనప పట్టీ ఒకటి ద్వారబంధానికి ఉంటుంది కదా, దాన్ని రెండంగుళాల స్క్రూలు నాలుగు పెట్టి బిగించాడు. ఏనుగొచ్చి గుద్దినా కదలదు చూసుకోండి అని వార్డెన్ దగ్గర మీసం మెలేశాడు. ఆ ఏడే పరీక్షలప్పుడు మూడో అంతస్తులో ఒక తలుపు తెరుచుకోలేదు. భుజంతో గుద్దాడు. కాలితో తన్నాడు. గడ్డపార తెచ్చాడు, గొడ్డలి తెచ్చాడు. తన పనితనం తన మీదికే తిరగబడింది. పావుగంట సేపు కోటగోడలా ఎదురు నిలిచింది ఆ పట్టీ. అరచేతుల తోలు ఊడి నెత్తురు కారుతుండగా తలుపు బద్దలైంది. లోపల కుర్రాడు అప్పటికే ప్రాణంతో లేడు. ఒంట్లో వెచ్చదనం మాత్రం ఇంకా పోలేదు. ఆ వెచ్చదనమే అతన్ని వదల్లేదు. పావుగంట ముందైతే?

ఆ తర్వాత ఏటా పరీక్షలకు పది రోజుల ముందు నూనె డబ్బా పట్టుకుని గదిగదికీ తిరగడం మొదలుపెట్టాడు. గడియలకు నూనె పెడుతున్నానంటాడు. నూనె పెట్టేది నిజమే. పెడుతూ పెడుతూ పట్టీలో పొడుగు స్క్రూలు తీసేసి అర అంగుళం స్క్రూలు బిగించేవాడు. పరీక్షలైపోగానే మళ్ళీ పొడుగువి. లోపలివాడికి గడియ పడ్డట్టే ఉంటుంది, మనసు నిమ్మళంగా ఉంటుంది. బయటివాడు గట్టిగా రెండు తన్నులు తన్నితే తలుపు వచ్చేస్తుంది. అలా వచ్చిన తలుపుల వెనక చాలామంది ఒళ్ళు తెలియని నిద్రలో ఉన్నవాళ్ళే. కొందరు మంచం కిందికి దూరి ఏడుస్తున్నవాళ్ళు. ముగ్గుర్ని మాత్రం భుజాన వేసుకుని మెట్లమీద పరిగెత్తాడు. ముగ్గురూ బతికారు.

ఈ రహస్యం భార్యకొక్కదానికే తెలుసు. పొడుగువి ఒక డబ్బాలో, పొట్టివి ఒక డబ్బాలో ఏరి పెట్టేది ఆవిడే.

"గడియ బొమ్మ గీసి తలుపుకి అంటించినట్టుంది నీ పని," అనేదట. "రేపు దొంగొస్తేనో?"

"పుస్తకాలెత్తుకుపోయే దొంగ ఎక్కడున్నాడే? వస్తే చదువుకుని బాగుపడతాడు."

దొంగ గురించి ఆలోచించాడు గానీ, దొంగ కానివాడు కూడా తలుపు తంతాడని అతనికి తట్టలేదు.

ఈ ఏడు పరీక్షల మూడో రోజు, మధ్యాహ్నం. రెండో అంతస్తు వరండా చివర తేమకు ఉబ్బిన కిటికీ రెక్కను చిత్రిక పడుతున్నాడు. మెట్లమీంచి ఒక బక్కపల్చని కుర్రాడు, కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని, ఊపిరందకుండా పరిగెత్తుకొచ్చాడు. పిల్లలంతా వాణ్ణి అద్దాలు అంటారు.

"బాబాయ్, వాళ్ళొస్తున్నారు!"

"ఎవర్రా?"

వాడు అప్పటికే తన గది దగ్గరున్నాడు. గదిలోకి దూరి గడియ వేసుకున్నాడు. పొద్దున పరీక్ష హాల్లో అయిదుగురు ఫోన్లు చూసి రాస్తున్నారని వాడు లేచి చెప్పాడట. అయిదుగుర్నీ బయటికి గెంటేశారు. ఇప్పుడు ఆ అయిదుగురూ వస్తున్నారు. ముందు నడుస్తున్నవాడి చేతిలో క్రికెట్ బ్యాట్, వెనకవాళ్ళ చేతుల్లో మంచాల ఇనప కమ్మీలు. ముందువాడు ఆరడుగుల మనిషి, పొడుగోడు అంటారు.

"ఆగండ్రా. ఏంటా కమ్మీలు? మంచాలు నేను బిగించాను, మీరు విరగ్గొట్టారా?" అని అడ్డం వెళ్ళాడు.

"తప్పుకో సుత్తీ. నీ సుత్తి వినే ఓపిక లేదు," అని ఒకడు గుండెల మీద చెయ్యేసి నెట్టాడు. వెల్లకిలా పడ్డాడు. తల గోడకు తగిలింది. అలా పడుండగానే మొదటి తన్ను వినిపించింది.

ఆ చప్పుడు అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇంకొక్కటి పడితే ఊడిపోతుందని తెలుసు. రెండో తన్నుకు పట్టీ ఎగిరిపడింది. నాలుగు అర అంగుళం స్క్రూలు గచ్చు మీద దొర్లుకుంటూ వచ్చి అతని కాలి దగ్గర ఆగాయి.

లోపల్నించి వచ్చిన కేక మనిషి కేకలా లేదన్నాడు నాతో. అతను లేచి వెళ్ళేసరికి కుర్రాడు మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. కమ్మీ దెబ్బ మోచేతి కింద పడింది. చెయ్యి వంగకూడని చోట వంగింది. బ్యాటు దెబ్బకు కళ్ళద్దాలు పగిలి, కనుబొమ చీరుకుపోయి, మొహం సగం ఎర్రగా ఉంది. తెరిచిన పాఠ్యపుస్తకం మీద నెత్తురు చుక్కలు టపటపా పడుతున్నాయి. వడ్రంగి వెళ్ళి వాడి మీద బోర్లా పడుకున్నాడు. వీపు మీద దెబ్బలు లెక్కపెట్టడం ఏడు దగ్గర మానేశాడు. ఒక మోకాలు వచ్చి మూతికి తగిలింది. అదే రెండో పన్ను.

అప్పుడు చేతిలోకి సుత్తి వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదంటాడు. నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళు ఒకే పనిముట్టు పట్టినవాడికి అది చేతిలోకి రాదు, చేతిలోనే ఉంటుంది. మొదటి దెబ్బ ఒకడి మణికట్టు మీద పడింది, వాడి కమ్మీ జారిపోయింది. రెండోది పొడుగోడి మోకాలు మీద. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. పొడుగోడు కూలిపోయాడు, మిగతావాళ్ళు పారిపోయారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. పడ్డవాడి ఛాతీ మీద మోకాలు ఆనించి, సుత్తి తలపైకి ఎత్తాడు. పదకొండేళ్ళ నాటి ఆ తలుపే కళ్ళముందు ఉందట.

"కొట్టు బాబాయ్," అన్నాడు పొడుగోడు ఏడుస్తూ. "ఎలాగూ ఇంటికెళ్తే మా నాన్న చంపేస్తాడు."

వెనకనించి ఒక చెయ్యి అతని చీలమండ పట్టుకుంది. విరగని చెయ్యి.

"వద్దు బాబాయ్. వద్దు."

సుత్తి దించాడు. పక్కన పెట్టి, చొక్కా విప్పి కుర్రాడి కనుబొమకు అదిమిపట్టి, ఆ ఇద్దరి నెత్తుటి మధ్య కూర్చుండిపోయాడు.

మర్నాడు విచారణ. పొడుగోడు ఆస్పత్రిలో ఉన్నాడు, పారిపోయినవాళ్ళు ఇంకా దొరకలేదు. వార్డెన్ మంచివాడే, పక్కకు పిలిచాడు.

"ఏమయ్యా, రెండు తన్నులకే ఎలా ఊడింది? తుప్పు అని రాసేస్తాను, ఊఁ అను."

"పాపం తుప్పు, నేరం దాని మీదెందుకు పెట్టడం అయ్యా?" అని జేబులోంచి పొట్టి స్క్రూ తీసి బల్లమీద పెట్టాడు. విచారణకు కూర్చున్న పెద్దల ముందే అంతా చెప్పాడు. వాళ్ళు చాలాసేపు గుసగుసలాడుకుని తీర్పు చెప్పారు: సాయంత్రానికల్లా ఆ వరండాలో గదులన్నిటికీ, వారంలోగా మిగతావాటికీ పొడుగు స్క్రూలు పడాలి. పరీక్షలయ్యాక అతను పనిలోకి రానక్కర్లేదు.

ఇంట్లో భార్య పొడుగు స్క్రూల డబ్బా తెచ్చి చేతికిచ్చింది. తర్వాత ఒక్క మాట అంది. "ఆ అబ్బాయి గది ఆఖర్న చెయ్యి. ముందు చేస్తే మిగతావి చెయ్యలేవు."

ఆఖర్నే వెళ్ళాడు. అద్దాలు ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చాడు. చేతికి కట్టు, కన్ను మూసుకుపోయి వంకాయలా ఉబ్బి ఉంది. ఎల్లుండి పరీక్షకు, తను చెబుతుంటే రాసేవాణ్ణి ఇస్తారట. వడ్రంగి గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని పట్టీ ఆనించాడు. మొహమెత్తలేదు.

"నా వల్లే తలుపు ఊడింది నాయనా. స్క్రూలు మార్చింది నేనే."

"విన్నాను. హాస్టలంతా అదే కథ."

"తిట్టు. కొట్టు. పళ్ళింకా ఉన్నాయి."

కుర్రాడు నవ్వబోయి, పెదవి చిట్లి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి డబ్బాలోకి చూశాడు.

"ఇప్పుడు ఏవి వేస్తున్నావు?"

"పొడుగువి. ఆర్డరు."

కుర్రాడు ఒక పొడుగు స్క్రూ తీసి వేళ్ళ మధ్య తిప్పి మళ్ళీ డబ్బాలో వేశాడు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు. "బాబాయ్, పొట్టివి వెయ్యి."

"పిచ్చా? వాళ్ళు మళ్ళీ వస్తే?"

"వాళ్ళంటే భయమే. కానీ మూడు రాత్రులుగా నిద్ర లేదు, చదివింది ఒక్కటీ బుర్రలో నిలవట్లేదు. ఈ వారం వాళ్ళకంటే నాకు నేనంటేనే ఎక్కువ భయంగా ఉంది." ఆ మాట అనేశాక మంచం మీద కూలబడ్డాడు. "పొట్టివే వెయ్యి. కాకపోతే నువ్వు ఎక్కడికీ పోకు."

వడ్రంగి జేబు తడిమాడు. నిన్న గచ్చు మీద ఏరుకున్న నాలుగూ ఉన్నాయి. ఒకటి వార్డెన్ బల్లమీదికి పోయి తిరిగి వచ్చిందే. బిగించాడు. వెళ్ళి ఆ కిటికీ రెక్క మోసుకొచ్చాడు, చిత్రిక తెచ్చాడు, బల్లపీట తెచ్చి ఆ గుమ్మానికి అడ్డంగా వేసుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. వీపంతా వాతలు, తలుపు తగిలినప్పుడల్లా ఉన్న పళ్ళే బిగపట్టాడు. వార్డెన్ అటువైపు రెండుసార్లు వచ్చి, చూసి, చూడనట్టు వెళ్ళిపోయాడు.

కాసేపటికి లోపల్నించి గొంతు వచ్చింది.

"బాబాయ్, ఉన్నావా?"

"ఉన్నాను. పైకి చదువు, నాకు వినబడాలి."

"నీకేం అర్థమవుతుంది?"

"నువ్వు చదవడం ఆపితే మాత్రం అర్థమవుతుంది. చదువు."