మళ్ళీ రానక్కర్లేని టైర్లు

మా టైర్ల షాపులో చక్రాలు విప్పేది మా ఆయన, నోరు విప్పేది నేను. బేరానికి వచ్చినవాళ్ళు ముందు మా ఆయన దగ్గర మొదలుపెట్టి, ఆ మొహంలో అవునో కాదో అంతుపట్టక, చివరికి నా బల్ల దగ్గరికి చేరతారు.

పికప్ బాబాయ్ మాత్రం తిన్నగా నా దగ్గరికే వచ్చేవాడు. మాకు చుట్టమేం కాదు. పాత పికప్ బండి నడుపుతాడు గనక పికప్, మా నాన్నకంటే కాస్త చిన్నవాడు గనక బాబాయ్. రోజూ పొద్దున్నే నేను షట్టర్ ఎత్తేసరికి ఆ బండి గుమ్మం ముందు ఉండేది.

"అమ్మాయ్, వెనక ఎడమవైపుది దిగినట్టుంది. కాస్త గాలి చూడు."

గేజీ పెట్టి చూసేదాన్ని. గాలి ఇసుమంత కూడా తగ్గి ఉండేది కాదు. "నిక్షేపంలా ఉంది బాబాయ్" అంటే "అయితే ముందుది చూడు" అనేవాడు. అలా నాలుగూ అయ్యేవి. ఆ తర్వాత పాత టైర్ల దొంతర మీద కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ కబుర్లు. మార్కెట్ నుంచి ఉల్లిపాయ బస్తాలు ఎన్ని ట్రిప్పులు వేశాడో, ఏ రోడ్డు తవ్వి పోశారో, ఇంజను కొత్తగా ఏం కూత కూస్తోందో. గ్లాసు కింద పెట్టి లేచేటప్పుడు మాత్రం ఒక క్షణం ఆగేవాడు, చూడాల్సిన చక్రం ఇంకేదైనా మిగిలిందేమో అన్నట్టు.

భార్య పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఆ మనిషి నోరారా మాట్లాడే చోటు మా షాపొక్కటేనని నాకు తెలుసు. "ఊరికే వచ్చి కూర్చోవచ్చు కదా బాబాయ్, రోజూ ఈ గాలి గోలెందుకు?" అని ఒకసారి అననే అన్నాను. మొహం గంటు పెట్టుకున్నాడు.

"పనీపాటా లేకుండా ఒకరి గుమ్మం ఎక్కే అలవాటు నాకు లేదమ్మాయ్."

మర్నాడు నాలుగు చక్రాలతో పాటు స్టెప్నీ కూడా చూడమన్నాడు.

వానలు మొదలయ్యాక ఆ టైర్లు చూస్తే నాకు భయమేసేది. గాడులన్నీ అరిగి నున్నగా గుండులా అయిపోయాయి. ఒకచోట లోపలి దారాలు కూడా బయటపడ్డాయి. మార్చమంటే "చూద్దాంలే" అనేవాడు. ఇక లాభం లేదని ఒకరోజు బండి తాళం లాక్కుని నా సొరుగులో పడేసుకున్నాను.

"టైర్లు మారిస్తే గానీ ఇవ్వను. లోడుతో జారితే ఎవరు దిక్కు నీకు?"

ఆ రోజు నాకు చెప్పడమే పనైపోయింది. బరువు మోసే బండికి కారు టైర్లు పనికిరావన్నాను. పక్కలు మందంగా ఉండాలన్నాను. తయారైన వారం, సంవత్సరం టైరు మీదే వేసి ఉంటాయి, అవి చూసి తాజా సరుకే తీసుకోవాలన్నాను. ముందు చక్రాలకి నిలువు గాడులున్నవి, వెనక లోడు పడేచోట లావుపాటి దిమ్మలున్నవి తీసి పెట్టాను. లోపల ఉక్కు తీగలు, ట్యూబు గొడవే లేదు. మా షాపులో అంతకంటే మన్నేవి లేవు.

బాబాయ్ ప్రశ్నలు మాత్రం అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"ఇంత గట్టివెందుకమ్మాయ్? మామూలువి లేవా?"

"మామూలువి తొందరగా అరిగిపోతాయి."

"అరిగితే మళ్ళీ వస్తాను కదా. పోనీ, మేకు దిగితే?"

"దిగినా వీటికి గాలి ఒక్కసారిగా పోదు."

"మరి రోజూ గాలి చూడాలి కదా?"

"అప్పుడప్పుడు ఏ పెట్రోలు బంకులోనో చూసుకో, చాలు."

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి అనుకున్నాను మనసులో. మంచి సరుకు ఇస్తుంటే ఈ సణుగుడేమిటని ఒళ్ళు మండింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే ఆయనకీ చెప్పేశాను. "ఇవి వేయించుకుంటే ఏళ్ళ తరబడి నా మొహం చూడక్కర్లేదు బాబాయ్!"

బాబాయ్ నవ్వాడు. "సరే, వెయ్యండి" అన్నాడు.

మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. నా టైర్లు అంత బాగున్నాయన్నమాట అని మొదట్లో మురిసిపోయాను కూడా. పోను పోను షాపు బావురుమన్నట్టు అనిపించసాగింది. టీ పోసేటప్పుడు చెయ్యి ఇంకో గ్లాసు తీసేది, మళ్ళీ పెట్టేసేది. వచ్చేవాళ్ళు రేటు అడుగుతారు, వెళ్ళిపోతారు. మా ఆయన సంగతి చెప్పనే చెప్పాను. నన్ను 'అమ్మాయ్' అనేవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు. నాకు బాధగానే ఉండేది.

కోపమూ వచ్చింది. కొత్త టైర్లు రాగానే పాత మనుషులు అక్కర్లేదా? నాలుగు చివాట్లు పెట్టి వద్దామని, బిల్లు పుస్తకంలో ఉన్న అడ్రసు చూసుకుని ఒక శనివారం సాయంత్రం బాబాయ్ ఇంటికి బయల్దేరాను.

ఒక మేడ కింద ఒంటి గది. గుమ్మం పక్కన ఒకే కుర్చీ, తీగ మీద ఒకే చొక్కా. ఎదురుగా పికప్. చక్రాల చుట్టూ రాలిన ఆకులు పేరుకుని ఉన్నాయి. అలవాటు కొద్దీ ముందు టైరు మీద చెయ్యి వేశాను. కొత్త టైరుకి ఒళ్ళంతా సన్నటి రబ్బరు వెంట్రుకలుంటాయి. నాలుగు రోజులు తిరిగితే చాలు, రోడ్డుకి తగిలేవన్నీ ఊడిపోతాయి. ఇక్కడ అవి ఇంకా నా అరచేతికి గుచ్చుకుంటున్నాయి. మా షాపు నుంచి ఇంటికి వచ్చిన బండి మళ్ళీ కదల్లేదు.

లోడ్లు లేవు. నాతో చెప్పిన ఉల్లిపాయ బస్తాలన్నీ ఎప్పటివో పాత బస్తాలు. కొంతకాలంగా ఆ బండి తిరిగిందల్లా ఈ గది నుంచి మా షాపుకి, మా షాపు నుంచి ఈ గదికి. ఆ మాట చెప్పడానికి నోరు రాక, ఉన్నదంతా ఊడ్చి నా దగ్గర టైర్లు కొన్నాడు. చివాట్లు పెట్టడానికి వచ్చాను గానీ, నా మొహం చూడక్కర్లేదని చెప్పి పంపింది నేనే.

బాబాయ్ బయటికి వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నన్ను చూడగానే ముందు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"ఏంటమ్మాయ్, ఇలా వచ్చావు?"

"టైర్లు ఎలా ఉన్నాయో చూద్దామని. బండి బాగా తిరుగుతోందా?"

"ఊపిరి సలపడం లేదనుకో! రోజూ లోడ్లే." ఎన్నాళ్ళుగానో ఎవరితోనూ మాట్లాడని గొంతు, బొంగురుగా ఉంది.

నేను టైరు మీంచి చెయ్యి తియ్యలేదు. "బాబాయ్, ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. ఈ రకానికి మొదట్లో రోజూ గాలి చూపించుకోవాలి. కంపెనీవాళ్ళు మరీ మరీ చెప్పారు."

బండి నడపడంలోనే జుట్టు నెరిసిన మనిషి. అది ఎంత పచ్చి అబద్ధమో తెలియక కాదు. వంగి ఆ టైరుని ఒకసారి తట్టాడు.

"రోజూనా?"

"రోజూ."

"రేపు కూడానా?"

"రేపు ఆదివారం, షాపు ఉండదు కదా" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

"అవునవును, నీకు ఇల్లుంది కదమ్మా" అన్నాడు, నేనేదో సర్దిచెప్పేలోపే. "సోమవారం వస్తాలే."