వెనక సీటులో ఆగిన చేతులు

2023 నాటి మాట. చలి తగ్గుముఖం పట్టి, స్వెటర్లు విప్పాలా వద్దా అని ఢిల్లీ జనం తేల్చుకోలేని రోజులు. వైశాలి మెట్రో దగ్గర నాకు కార్ యాక్సెసరీస్ షాపు ఉంది. సీటు కవర్లతో మొదలుపెట్టి, క్రమంగా కార్లలో వైఫై బిగించే పనిలోకి దిగాను. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సిమ్ వేసే చిన్న రౌటర్‌కి కారు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి, యాంటెన్నా తగిలిస్తాం. కారు కదులుతుంటే అది ఒక టవర్‌ని వదిలి ఇంకో టవర్‌ని పట్టుకుంటూ పోతుంది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు కోరేవి రెండే. స్పీడు ఉండాలి, వైరు కనపడకూడదు. కొత్త కారులో ఒక్క వైరు బయటికి కనిపించినా ఈ ఊరివాళ్ళకి ప్రాణం ఉసూరుమంటుంది. అందుకని రౌటర్‌నీ యాంటెన్నానీ ముందు సీటు కింద దాచేయడం మాకు అలవాటైపోయింది. తర్వాత ఫోన్లో ఒక సినిమా పాట పెట్టి కారుని ఒక చుట్టు తిప్పుతాం. పాట ఆగకపోతే తాళాలు చేతిలో పెట్టేస్తాం.

అప్పుడే శైలజగారు వచ్చారు. తెనాలి మనిషి. నల్లటి కుర్తా, గాజుల్లేని చేతులు, రంగు లేని గోళ్ళు. బోర్డు మీద నా పేరు చూసి తెలుగులోనే మొదలుపెట్టారు. వినపడనివాళ్ళకీ మిగతావాళ్ళకీ మధ్య సైగల భాషలో అనువాదం చేయడం ఆవిడ వృత్తి. పొద్దున వసంత్ కుంజ్‌లో ఒక బడిలో పని, ఆ తర్వాత వీడియో కాల్స్. ఆస్పత్రి నుంచో బ్యాంకు నుంచో కాల్ వస్తే, వాళ్ళ మాటల్ని చేతులతో చెబుతారు, ఆ చేతుల్ని మళ్ళీ మాటల్లో చెబుతారు. చూసేవాళ్ళ కన్ను వేళ్ళ మీద నుంచి జారకూడదనే గాజులు మానేశారట.

"డ్రైవరు నడుపుతున్నా, దారిలో ఉన్నంతసేపూ నేను ఎందుకూ పనికిరాకుండా పోతున్నానండీ. మాట మధ్యలో కాల్ తెగితే, అవతలి మనిషి నోరు నొక్కేసినట్టే కదా" అన్నారు.

"రంది పెట్టుకోకుండ్రి మేడమ్. ఉరికే నెట్ పెడత మీకు" అన్నాను. కరీంనగర్ వదిలి ఇన్నేళ్ళయినా తెలుగు చెవిన పడితే చాలు, నా నోరు అక్కడికే పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం అంతా బిగించి, టెస్ట్ కోసం ఆవిడ కారు నేనే నడుపుతూ బయల్దేరాను. ఆవిడ వెనక సీటులో కూర్చుని, ఎదురుగా స్టాండుకి ఫోన్ పెట్టుకున్నారు. నా ఫోన్లో పాట గంతులేస్తోంది. ఘాజీపూర్ దాటుతుండగా ఆవిడకి ఒక ప్రసూతి ఆస్పత్రి నుంచి కాల్ వచ్చింది. నర్సు గొంతులో కంగారు నాకు ముందు సీటులోకే వినిపించింది.

నేహా అనే అమ్మాయికి నొప్పులు వస్తున్నాయి. పుట్టుకతోనే చెవుడు. భర్త ఇంకా దారిలో ఉన్నాడు. కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, వెంటనే ఆపరేషన్ చేయాలి. మాస్కుల వెనక వీళ్ళేం అంటున్నారో, తనని ఎక్కడికి తోసుకుపోతున్నారో ఆ పిల్లకి తెలియడం లేదు. మంచం కమ్మీ పట్టుకుని వదలడం లేదు.

శైలజగారి చేతులు కదలడం మొదలైంది. నాలుగు సైగలైనా అయ్యాయో లేదో, నర్సు అరిచింది. "దీదీ, ఆప్ రుక్ గయీ హైఁ!"

అద్దంలో చూశాను. ఆవిడ ఆగలేదు, చేతులు ఆడుతూనే ఉన్నాయి. అక్కడ మాత్రం బొమ్మ నిలిచిపోయింది. నా పాటేమో హాయిగా సాగుతోంది.

నాకు అప్పుడు తలకెక్కింది. పాట మనదాకా రావడం డౌన్‌లోడ్, మన బొమ్మ అవతలికి వెళ్ళడం అప్‌లోడ్. కార్లో అందరూ చూసేవాళ్ళే కాబట్టి నేనెప్పుడూ వచ్చేదే చూసుకున్నాను, పోయేది పట్టించుకోలేదు. సీటు ఇనుము కింద దాచిన యాంటెన్నాకి టవర్ మాట వినపడుతోంది గానీ, దాని మాట టవర్‌దాకా పోవడం లేదు.

బండి పక్కకి ఆపకూడని చోటే ఆపేశాను. సీటు కింద దూరి, ముచ్చటగా దాచిన వైర్లన్నీ పీకి, యాంటెన్నాని కిటికీలోంచి తీసి కారు కప్పు మీద అతికించాను. వెనక హారన్లు మోగిపోతున్నాయి. ట్రాఫిక్ పోలీసు వచ్చి కప్పు మీద చరిచాడు.

"గాడీ హటావ్!"

"డెలివరీ హో రహీ హై, సాబ్!"

అతను కంగారుగా వెనక సీటులోకి తొంగిచూశాడు. "కిస్కీ?" అన్నాడు, ఎవరికని.

నేను ఫోన్ చూపించాను. తెర మీద చెమటతో తడిసిన ఆ పిల్ల ముఖం, ఇటు ఆవిడ చేతులు. కాసేపు చూశాడు. కారు వెనక్కి వెళ్ళి, వచ్చే బండ్లని పక్క వరసలోకి మళ్ళించడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు అవతల బొమ్మ ఆగడం లేదు. నేహా కమ్మీ వదిలింది. గబగబా ఏదో అడిగింది. శైలజగారు దాన్ని డాక్టరుకి హిందీలో చెప్పి, నాకోసం కాబోలు, తెలుగులోనూ అన్నారు. "ఆపరేషన్‌కి ఒప్పుకుందండీ. బిడ్డ ఏడ్చిందని తనకెవరు చెబుతారని అడుగుతోంది."

డాక్టరమ్మ నర్సు వైపు తిరిగింది. నడుము కింద మత్తిస్తాం కాబట్టి మెలకువగానే ఉంటుందనీ, ఫోన్ లోపలికి తెమ్మనీ నర్సుకి చెప్పింది. ఇక కాల్ తెగడానికి వీల్లేదు. ఇంజన్ ఆపితే రౌటర్ ఆగుతుందేమోనని తాళం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నా పెళ్ళిలో కూడా అంత భయపడలేదు.

చివరికి ఆ ఏడుపు వచ్చింది. సన్నగా, కోపంగా, కారంతా నిండిపోయింది. ఘాజీపూర్ రోడ్డు మీద ఉన్న మాకు తెలిసింది, పక్కనే పడుకున్న తల్లికి ఇంకా తెలియదు. శైలజగారు కళ్ళు తుడుచుకోకుండానే చేతులెత్తి ఆ ఏడుపుని ఆమెకి చెప్పారు. ఇటువైపు తెరలో నేహా ముఖం విప్పారింది. నేను సిగ్గుపడకుండా ఏడ్చాను.

శైలజగారి కారులో ఆ వైరు ఇప్పటికీ కిటికీ పక్కన బయటికే ఉంది. సర్వీసుకి వచ్చినప్పుడు లోపలికి సర్దనా అంటే, "కోసేయడానికి అదేమన్నా బొడ్డుతాడా? ఉండనివ్వండి" అంటారు. ఇప్పుడు షాపుకి ఎవరొచ్చినా ఎంత స్పీడు కావాలని అడగను. కారులో కూర్చుని మీరు ఎవరితో మాట్లాడాలి అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు వైరు దాచమనే అంటారు. దాచుతాను. కానీ కారుని తిప్పేటప్పుడు పాట పెట్టను. వెనక సీటులో కూర్చుని మా ఆవిడకి వీడియో కాల్ చేస్తాను. నేను కనపడుతున్నానా అని అడిగి, ఆమె అవునన్నాకే తాళాలు ఇస్తాను.