నడిచి చూపించిన పాపానికి

చేతికి రావలసిన మాస్టర్స్ పట్టాను పోగొట్టుకోవడానికి ఎన్నో దారులున్నాయి. పరీక్ష తప్పవచ్చు. గైడుతో పోట్లాడవచ్చు. ఇంకొకరి థీసిస్ ఎత్తి రాయవచ్చు. నేను మాత్రం, అయ్యలారా, ఒక వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి పోగొట్టుకోబోయాను. పరుగు కూడా కాదు, ఉత్త నడక.

ముందు నా వెన్ను సంగతి చెప్పాలి. మాది వేలూరు పక్క గుడియాత్తం దగ్గర మిట్టాదారుల, అంటే చిన్నపాటి జమీందారుల, వంశం. మిట్టా తాతల నాడే పోయింది. మిద్దె ఇప్పుడు అగ్గిపెట్టెల గోడౌను. వాకిట్లో "పొగ తాగరాదు" అన్న బోర్డు ఉంది కానీ మా ఇంటిపేరు ఎక్కడా లేదు. "మిట్టా పోయినా వెన్ను పోలేదు కదరా, నిటారుగా నడువు" అని మా అవ్వ నన్ను గోడకు ఆనించి నిలబెట్టి పెంచింది. ఫలితంగా నేను నడిస్తే తల కదలదు, చేతులు ఊగవు. ఊరేగింపులో దేవుడు కదిలినట్టు, కింద ఎవరో మోస్తున్నట్టు కదులుతాను. అప్పట్లో దీన్ని అందం అనుకునేవాణ్ణి.

ఇలాంటివాడు వేలూరులో మనిషి కదలికల శాస్త్రం, అంటే కినీసియాలజీ, ఎందుకు చదివాడని అడక్కండి. నాకూ తెలియదు. చేరాక తెలియనివి ఇంకా పెరిగాయి. పాఠాలు పాసైతే చాలదట. గైడు కావాలట. ముగ్గురు పెద్దల కమిటీ కావాలట. ఏం చేయబోతున్నానో ముందే చెప్పి వాళ్లను ఒప్పించాలట. మనుషుల మీద పరిశోధన కనుక వేరే కమిటీ కూడా అనుమతి ఇవ్వాలట. ఆ తరవాత కొలవాలి, రాయాలి, మళ్లీ ఆ ముగ్గురి ముందే నిలబడి జవాబు చెప్పుకోవాలి. మా తాత పంచాయితీ చేస్తుంటే ఊరంతా నిలబడేదట. ఇప్పుడు మనవడు నిలబడాలి!

"ఇన్నెందుకు మేడం? నేను మాట ఇస్తే చాలదా?" అన్నాను గైడు మేడంతో.

"చాలదప్పా. కమిటీ సంతకం లేకుండా పట్టా లేదు. నీకిదే ఆఖరి టర్మ్. గడువు దాటితే అడ్మిషనే రద్దు."

నా అంశం ఇది: గుంతమగ్గంలో కూర్చుని రోజంతా కాళ్లతో పలకలు తొక్కే నేతగాళ్ల నడక మిగతావాళ్ల నడకకన్నా వేరుగా ఉంటుందా? అనుమతులన్నీ వచ్చాయి. కెమెరా, కీళ్ల మీద అంటించే తెల్లచుక్కలు పట్టుకుని గుడియాత్తం బస్సెక్కాను. కైలీ లుంగీలు నేసే వీధిలో జనం పోగయ్యారు. అందరికన్నా పెద్దావిడ రుక్కమ్మ ముందుకు వచ్చింది.

"ఏం చెయ్యల్ల నాయనా?"

"ఏమీ లేదమ్మా. సహజంగా నడవాలి."

"అట్లంటే?"

"మామూలుగా."

"యా మామూలు?" అన్నాడు పక్కనున్న ఆమె మరిది మునుసామి. "అంగడికి పొయ్యే మామూలా, పెండ్లికి పొయ్యే మామూలా? నీళ్ల లారీ వచ్చినప్పుడు పొయ్యే మామూలు ఇంకొగటి ఉండాది."

ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. బతిమాలడం మా ఇంటా వంటా లేదు. "చూడండి, ఇట్లా" అని నేనే నడిచి చూపించాను.

వీధి చివర వెనక్కి తిరిగి చూస్తే మగ్గాల చప్పుడు కూడా ఆగిపోయింది. అందరూ రెప్ప వేయకుండా చూస్తున్నారు. వంశగౌరవం ఇంకా బతికే ఉందని నా ఛాతీ ఉప్పొంగింది.

"ఇంకొగతూరి నడువు చిన్నయ్యా, కాలు ఎట్లేసినావో సరింగా చూడలా" అన్నాడు మునుసామి.

ఎంత శ్రద్ధో చూడండి! మళ్లీ నడిచాను. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా నడిచాను.

"చేతులు ఊపాల్నా, వద్దా?"

"మీ ఇష్టం."

"నువ్వు ఊపలేదే!"

"అయితే వద్దులెండి" అన్నాను. నా మతికి చెప్పుల దండ వేసి ఊరేగించాలి.

వాళ్లందరి నడకా కెమెరాలో పట్టుకుని వేలూరు వచ్చి కంప్యూటర్లో చూశాను. ముసలీ ముతకా, ఆడా మగా, అందరిదీ ఒకటే నడక! తల కదలదు, నడుము తిరగదు, చేతులు ఊగవు. ఎవరూ కనిపెట్టని జబ్బు నాకు దొరికింది! ఆలస్యం చేయకుండా ఆ జబ్బుకు మా ఇంటిపేరు పెట్టి థీసిస్ ముగించాను.

కమిటీ ముందు నిలబడే రోజు వచ్చింది. కమిటీలో ఉన్న లెక్కల సారు తల గోక్కున్నారు.

"తొక్కేది కాళ్లతో కదా, చేతులెందుకు బిగుసుకున్నాయి?"

"అదే సార్ నా ఆవిష్కరణ."

కమిటీకని బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన వీడియో వేయమన్నారు. తెర మీద రుక్కమ్మ గడ్డం పైకెత్తి నడుస్తోంది.

"ఈ నడక యాడనో చూసినానే" అన్నారాయన. "వెలుతురెక్కువ ఉండాది, ఆ కర్టెన్ లాగప్పా."

లేచి కిటికీ దాకా నడిచాను. వెనక ఒకరు కిసుక్కుమన్నారు. తరవాత ఇద్దరు. తెర మీద రుక్కమ్మ, తెర కింద నేను, కవాతులో సిపాయిల్లా అడుగులో అడుగు.

"ఆడే ఆగు నాయనా. ఇట్లా రా."

వచ్చాను.

"మళ్లీ పో."

వెళ్లాను. ఏం జరుగుతోందో నాకు అర్థమైతే ఒట్టు. గైడు మేడం రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు.

"వాళ్లకు నువ్వు నడిచి చూపించినావా?"

"సహజంగా ఎలాగో చూపించాను మేడం."

"ఎవరి సహజం?"

అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్లో నేను కొలిచింది నన్నే. ఎంతమందిని కొలిచానో అన్నిసార్లు నన్నే.

పెద్దాయన కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పారు. "గడువులోపల మళ్లీ కొలుచుకోని రా. ఈసారి నువ్వు కుర్చీ దిగకూడదు."

"ఆ జబ్బు పేరు మాత్రం ఉంచుకో" అన్నారు లెక్కల సారు. "రోగి ఒకడైతే ఉండాడు."

మళ్లీ గుడియాత్తం. మళ్లీ అదే వీధి. ఈసారి వెళ్లగానే కుర్చీ అడిగి కూర్చున్నాను.

"మళ్లా నడవాలమ్మా" అన్నాను తలెత్తలేక.

రుక్కమ్మ కొంగు దోపుకుంది. "ఈ తూరి యా నడక నాయనా? మాదా, మీదా?"

"మీదేనమ్మా."

"అయ్యో సామీ, ఆ పొద్దే చెప్పుండొచ్చు కదా! మీది నడిచి మా వీధంతా నడుములు పట్టేసె!" అని, చేతులు హాయిగా ఊపుకుంటూ వెళ్లింది.

కమిటీ సంతకాలు పెట్టింది, పట్టా వచ్చింది. కనుక ముక్కోటి దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరికీ నడిచి చూపించను. ఎవరైనా బస్టాండుకు దారి అడిగినా, ముందు కూర్చుని, తరవాతే చెబుతాను.